జన్యువు బాగున్నా పని చెడుతుందా? క్రోమోజోమ్ అమరికపై తరచుగా అడిగే ప్రశ్నలు

జన్యు పరీక్షలో "మ్యుటేషన్ కనిపించలేదు" అని రాగానే ఇక జన్యువు సంగతి తేలిపోయిందని చాలామంది అనుకుంటారు. జన్యువులో అక్షరాలు సరిగ్గా ఉండటం ఒకటి, ఆ జన్యువు వేళకు తెరుచుకోవడం మరొకటి. రెండోది క్రోమోజోమ్ ఎలా చుట్టుకుంది, ఎక్కడ మడత పడింది, ఎక్కడైనా తెగిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. బైపీసీ నుంచి పీజీ దాకా చదువుతున్నవారు, కారియోటైప్ (క్రోమోజోమ్‌లను మైక్రోస్కోపులో చూసే పరీక్ష) రిపోర్టు చేతికొచ్చిన తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం.

జన్యువులో ఒక్క అక్షరం తప్పు లేకపోయినా జబ్బు వస్తుందా?

వస్తుంది. అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ, హిమోగ్లోబిన్ చాలినంత తయారు కాని బీటా థలసేమియా జబ్బులోనే ఉంది. ఈ జబ్బున్న వారిలో ఎక్కువమందికి 11వ క్రోమోజోమ్ మీది బీటా గ్లోబిన్ జన్యువులోనే తప్పు ఉంటుంది. అయితే 1983లో ఒక డచ్ కుటుంబంలో వేరే సంగతి బయటపడింది. బీటా గ్లోబిన్ జన్యువు చెక్కుచెదరకుండా ఉంది. దానికి ముందున్న సుమారు లక్ష క్షార జతల (అంటే డీఎన్ఏ అక్షరాల జతల) ముక్క మాత్రం ఊడిపోయింది. జన్యువు ఉండీ మూగబోయింది. ఊడిపోయిన ఆ ముక్కలోనే గ్లోబిన్ జన్యువులన్నిటినీ నడిపే ఎల్‌సీఆర్ అనే నియంత్రణ భాగం ఉందని తరువాతి పరిశోధనల్లో తేలింది. అది బీటా గ్లోబిన్‌కు 40 నుంచి 60 వేల క్షార జతల దూరంలో ఉంటుంది. ఎర్ర రక్తకణాలు తయారయ్యేటప్పుడు డీఎన్ఏ మడత పడి, ఆ భాగం జన్యువు దగ్గరికి చేరుతుంది. అలా చేరనిదే హిమోగ్లోబిన్ చాలినంత తయారు కాదు.

రెండు మీటర్ల డీఎన్ఏ కేంద్రకంలో ఎలా పడుతుంది?

ఒక కణంలోని 46 క్రోమోజోమ్‌ల డీఎన్ఏ పోగులను వరసగా పరిస్తే సుమారు 2 మీటర్లు. కేంద్రకం అడ్డుకొలత 10 మైక్రోమీటర్లకు అటూ ఇటూ. నూలును కండెకు చుట్టినట్టు డీఎన్ఏ హిస్టోన్ అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుంటుంది. హెచ్2ఏ, హెచ్2బీ, హెచ్3, హెచ్4 అనే నాలుగు రకాల హిస్టోన్లు, ఒక్కో రకం రెండేసి చొప్పున ఎనిమిది కలిస్తే ఒక కండె. దాని మీద 147 క్షార జతల డీఎన్ఏ సుమారు 1.65 చుట్లు తిరుగుతుంది. దీన్నే న్యూక్లియోసోమ్ అంటారు. రెండు కండెల మధ్య 20 నుంచి 80 క్షార జతల పోగు ఖాళీగా ఉంటుంది. ఒక కణంలో ఇలాంటి కండెలు సుమారు 3 కోట్లు.

పాఠ్యపుస్తకాల్లో దీని తరువాతి మెట్టుగా 30 నానోమీటర్ల సోలినాయిడ్ బొమ్మ ఉంటుంది. పరీక్షలో అడిగితే అలాగే రాయండి. కానీ బతికున్న కణాల్లో అలాంటి క్రమమైన పోగు పెద్దగా కనబడలేదు. 2017లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసినప్పుడు 5 నుంచి 24 నానోమీటర్ల మందంతో, క్రమం లేకుండా వంగిన గొలుసులే కనిపించాయి. కొన్నిచోట్ల ఒత్తుగా, కొన్నిచోట్ల పలచగా ఉండటమే అసలు తేడా.

చుట్టు బిగుసుకుంటే జన్యువు మూతపడినట్టేనా?

చాలావరకు అంతే, కానీ బిగువు ఒక్కటే కాదు. హిస్టోన్ల తోకలు కండె బయటికి వేలాడుతూ ఉంటాయి. వాటి మీద ఎంజైములు చిన్న రసాయన గుర్తులు పెడతాయి, తుడుస్తాయి. హెచ్3 తోకలో 27వ చోట ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని చూడండి. దాని మీద ఎసిటైల్ గుంపు పడితే ఆ చోటు చురుగ్గా ఉందని అర్థం. అదే లైసిన్ మీద మూడు మిథైల్ గుంపులు పడితే పాలీకోంబ్ ప్రోటీన్లు వచ్చి మూసేస్తాయి. ఒకే తోక మీద ఈ రెండూ ఒకేసారి ఉండలేవు. అందువల్ల ఈ ఒక్క లైసిన్ తెరిచే, మూసే మీటలా పనిచేస్తుంది. 9వ లైసిన్ మీద మూడు మిథైల్ గుంపులుంటే హెచ్‌పీ1 అనే ప్రోటీన్ పట్టుకుని ఆ చోటి క్రోమాటిన్‌ను, అంటే డీఎన్ఏ, హిస్టోన్ల కలయికను, గట్టి హెటెరోక్రోమాటిన్‌గా మారుస్తుంది. 4వ లైసిన్ మీద అవే మూడు మిథైల్ గుంపులుంటే మాత్రం అది పనిచేస్తున్న ప్రమోటర్‌కు (జన్యువు చదవడం మొదలయ్యే చోటుకు) గుర్తు. కాబట్టి "మిథైల్ పడితే మూత" అని బట్టీ పట్టకండి. ఏ హిస్టోన్, ఎన్నో లైసిన్, ఎన్ని గుంపులు అన్నవి మూడూ చూడాలి.

గుర్తులు పెట్టినంత మాత్రాన చుట్టు దానంతటదే విడిపోదు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చుపెట్టి కండెలను పక్కకు జరిపే యంత్రాలు వేరే ఉన్నాయి. వాటిలో స్విస్నిఫ్ కుటుంబం ముఖ్యమైనది. ఈ కుటుంబపు ప్రోటీన్ల జన్యువుల్లో తప్పులు రకరకాల క్యాన్సర్లలో కనిపిస్తాయి.

కణం రెండుగా చీలాక, ఏ జన్యువు తెరవాలో పిల్ల కణాలకు ఎలా తెలుస్తుంది?

డీఎన్ఏ ప్రతి తయారయ్యేటప్పుడు పాత హిస్టోన్లు రెండు పోగులకూ పంచుకోబడతాయి, ఖాళీలను కొత్తవి నింపుతాయి. పాలీకోంబ్ ఎంజైమ్‌కు ఒక గుణం ఉంది. పక్కనున్న పాత కండె మీద తాను పెట్టిన గుర్తును తానే గుర్తుపట్టి, కొత్త కండె మీద కూడా అదే పెడుతుంది. డీఎన్ఏ మీది మిథైల్ గుర్తులను డీఎన్ఎంటీ1 అనే ఎంజైమ్ పాత పోగు నుంచి కొత్త పోగుకు ఎక్కిస్తుంది. కాలేయ కణానికి కాలేయ కణమే పుట్టడానికి ముఖ్య కారణాల్లో ఇవి రెండు.

జన్యువుకు లక్షల అక్షరాల దూరంలో ఉన్న ఎన్‌హాన్సర్ దాన్నెలా నడుపుతుంది?

ఎన్‌హాన్సర్ అంటే జన్యువును లేపే డీఎన్ఏ ముక్క. ఉంగరంలా ఉండే కొహెసిన్ అనే ప్రోటీన్ సముదాయం క్రోమాటిన్ మీద కూర్చుని, పోగును తన గుండా లాగుతూ ఉచ్చును పెద్దది చేస్తుంది. ప్రయోగశాలలో కొలిచిన వేగం సెకనుకు 500 నుంచి 1000 క్షార జతల దాకా ఉంది. ఇలా లాగడాన్ని 2018లో కొహెసిన్‌కు చుట్టమైన కండెన్సిన్‌తో, 2019లో కొహెసిన్‌తోనే కళ్ళారా చూశారు. లాగుతూ పోతే సీటీసీఎఫ్ అనే ప్రోటీన్ పట్టుకున్న చోట ఆగుతుంది. సీటీసీఎఫ్ కూర్చునే అక్షరాల వరసకు ఒక దిశ ఉంటుంది. ఉచ్చు రెండు కొసల్లోనూ ఆ వరసలు ఒకదానికొకటి ఎదురుగా చూస్తున్నప్పుడే చాలామటుకు ఉచ్చు నిలుస్తుంది. ఒక వరసను తిరగేస్తే ఉచ్చు చోటు మారుతుందని, డీఎన్ఏను కోరిన చోట కోసే క్రిస్పర్‌తో రుజువైంది.

ఇలా ఏర్పడిన మడతల పేటలను టాడ్‌లు అంటారు. ఒక్కోటి కొన్ని లక్షల నుంచి పది లక్షల క్షార జతల దాకా ఉంటుంది. ఒక పేటలోని ఎన్‌హాన్సర్లు ఆ పేటలోని జన్యువులనే ఎక్కువగా కలుస్తాయి. ఎంత దూరం నుంచి పనిచేయగలవో చూడాలంటే చేతివేళ్ళను చూడాలి. వేళ్ళ లెక్కను నిర్ణయించే సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువుకు ఎన్‌హాన్సర్ సుమారు 10 లక్షల క్షార జతల అవతల, ఎల్‌ఎంబీఆర్1 అనే మరో జన్యువు ఇంట్రాన్‌లో (ప్రోటీన్‌గా మారని మధ్య భాగంలో) ఉంది. అక్కడ ఒక్క అక్షరం మారినా ఆరో వేలు రావచ్చు. ఆరో వేలు పుట్టిన కుటుంబాల్లో ఈ కారణం కొందరికే ఉంటుంది, అందరికీ కాదు.

ఆ పేటల సరిహద్దు తెగితే ఏమవుతుంది?

పక్కపేట ఎన్‌హాన్సర్ తనది కాని జన్యువును లేపుతుంది. 2015లో బెర్లిన్ పరిశోధకులు ఈపీహెచ్ఏ4 జన్యువున్న చోట దీన్ని చూపించారు. సరిహద్దుతో పాటు ముక్క ఊడిపోయిన కుటుంబంలో వేళ్ళు పొట్టిగా ఉన్నాయి. ఎందుకంటే ఈపీహెచ్ఏ4 ఎన్‌హాన్సర్లు పక్కపేటలోని ప్యాక్స్3ని లేపాయి. అదే ప్రాంతంలో ముక్క తిరగబడిన వారిలో డబ్ల్యూఎన్‌టీ6, ఇంకో రకంగా ముక్క రెట్టింపైన వారిలో ఐహెచ్‌హెచ్ జన్యువు తప్పుదారిన పనిచేశాయి. ఎలుకల్లో సరిహద్దును ఉంచి ముక్కను మాత్రం తీసేస్తే వేళ్ళు మామూలుగానే వచ్చాయి. అంటే తప్పు ఊడిన ముక్క పొడవులో లేదు, గోడ కూలడంలో ఉంది.

క్యాన్సర్‌లోనూ ఇదే జరుగుతుంది. బర్కిట్ లింఫోమాలో 8, 14 క్రోమోజోమ్‌లు తెగి మారి అతుక్కుంటాయి. కణాలను చీలేలా నడిపే మిక్ జన్యువు ప్రోటీన్ భాగం దాదాపు అలాగే ఉంటుంది, కానీ యాంటీబాడీ జన్యువు ఎన్‌హాన్సర్ల పక్కన పడి ఆగకుండా పనిచేస్తుంది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియాలోని ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ వేరే రకం. అక్కడ 9, 22 క్రోమోజోమ్‌లు అతికి బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త ప్రోటీనే పుడుతుంది. విద్యార్థులు ఈ రెండిటినీ ఒకే గాట కట్టేస్తారు. మందు ఎంచుకునేటప్పుడు ఈ తేడా చాలా పెద్దది: ఇమాటినిబ్ ఆ కొత్త ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది, మిక్‌కు అలాంటి మందు ఇంకా చికిత్సలోకి రాలేదు.

అయితే కొహెసిన్ లేకపోతే జన్యువులన్నీ గందరగోళమవుతాయా?

అలా అవ్వలేదు, అదే ఆశ్చర్యం. 2017లో మానవ కణాల నుంచి కొహెసిన్‌ను కొన్ని గంటల్లో తొలగిస్తే ఉచ్చులు మాయమయ్యాయి, కానీ పెద్దగా మారిన జన్యువులు కొన్నే. ఇప్పటికే తెరిచి ఉన్న జన్యువుకు ఉచ్చు అవసరం అంతగా లేదు. కణం ఎదుగుతూ కొత్త జన్యువులను తెరిచే దశలో మాత్రం లోటు బయటపడుతుంది. కొహెసిన్‌ను పోగు మీదికి ఎక్కించే ఎన్‌ఐపీబీఎల్ జన్యువు ఒక ప్రతి చెడితే కార్నీలియా డి లాంగే సిండ్రోమ్ వస్తుంది. అందులో చాలా జన్యువులు కొద్దికొద్దిగా మాత్రమే తప్పుతాయి. అయినా ముఖం, చేతులు, ఎదుగుదల అన్నీ దెబ్బతింటాయి. పిండంలో మోతాదు కొంచెం తగ్గినా ఎంత నష్టమో ఇక్కడ తెలుస్తుంది.

ఆడవారిలో రెండో ఎక్స్ క్రోమోజోమ్ పూర్తిగా మూతపడుతుందా?

పూర్తిగా కాదు. 17 వేలకు పైగా అక్షరాల ఎక్సిస్ట్ ఆర్‌ఎన్‌ఏ ఒక ఎక్స్ మీద పరుచుకుని దాన్ని మూసేస్తుంది. ఏ ఎక్స్ మూతపడుతుందో ఒక్కో కణంలో పిండదశలోనే యాదృచ్ఛికంగా తేలిపోతుంది. అయినా ఆ ఎక్స్ మీది జన్యువుల్లో సుమారు 15 నుంచి 25 శాతం తప్పించుకుని కొంతైనా పనిచేస్తాయి. టర్నర్ సిండ్రోమ్‌లో ఒకే ఎక్స్ ఉన్న అమ్మాయిలకు లక్షణాలు రావడానికి ఇదొక కారణం.

ఒకే చిన్న ముక్క మళ్ళీ మళ్ళీ రావడం జన్యువును మూస్తుందా, తెరుస్తుందా?

రెండూ జరుగుతాయి. ఫ్రాజైల్ ఎక్స్ అనే జబ్బులో ఎఫ్‌ఎంఆర్1 జన్యువు మొదట్లో సీజీజీ అనే మూడక్షరాలు వరసగా పునరావృతమవుతాయి. 44 దాకా మామూలు. 45 నుంచి 54 మధ్యస్థం. 55 నుంచి 200 ప్రీమ్యుటేషన్. 200 దాటితే సాధారణంగా ఆ చోట మిథైల్ గుర్తులు పడి జన్యువు మూతపడుతుంది, మెదడుకు కావాల్సిన ప్రోటీన్ రాదు. ప్రీమ్యుటేషన్ ఉన్న తల్లి నుంచి బిడ్డకు వెళ్ళేటప్పుడు ఈ సంఖ్య పెరగవచ్చు.

ముఖం, భుజాల కండరాలు కరిగే ఎఫ్‌ఎస్‌హెచ్‌డీలో దీనికి తలకిందులు. 4వ క్రోమోజోమ్ పొడవు భుజం కొసన 3,300 క్షార జతల డీ4జెడ్4 ముక్కలు 11 నుంచి 100 దాకా ఉండి, వాటి బరువుకే ఆ ప్రాంతం గట్టిగా మూసి ఉంటుంది. ముక్కలు 1 నుంచి 10కి తగ్గితే మూత సడలి డక్స్4 జన్యువు లేచి కండరాలను చంపుతుంది. అదీ 4వ క్రోమోజోమ్ కొసన ఏ-రకం వరస ఉన్నవారిలోనే, ఎందుకంటే ఆ వరస ఉంటేనే డక్స్4 ఆర్‌ఎన్‌ఏ నిలుస్తుంది. జన్యువుల ప్రోటీన్ భాగాలను చదివే మామూలు ఎక్సోమ్ పరీక్షలో ఈ ముక్కల లెక్క తేలదు. దానికి పొడవైన డీఎన్ఏ ముక్కలను కొలిచే సదరన్ బ్లాట్ గానీ ఆప్టికల్ మ్యాపింగ్ గానీ కావాలి.

టెలోమియర్ పొట్టిదైతే జన్యువులకేమిటి?

టీటీఏజీజీజీ అనే ఆరక్షరాలు వేల సార్లు తిరిగి క్రోమోజోమ్ కొసను కాపాడతాయి. అదే టెలోమియర్. పుట్టినప్పుడు 10 నుంచి 15 వేల క్షార జతలు. దాన్ని తిరిగి పొడిగించే టెలోమెరేజ్ ఎంజైమ్ లేని కణంలో ఒక్కో చీలికకు 50 నుంచి 200 తరుగుతాయి. మరీ పొట్టిదైతే కణం దాన్ని తెగిన కొసగా అపార్థం చేసుకుని చీలడం ఆపేస్తుంది. ఆ ఆగడాన్ని తప్పించుకున్న కణాల్లో రెండు క్రోమోజోమ్‌ల కొసలు అతుక్కుని, చీలినప్పుడు మధ్యలో తెగి, మళ్ళీ అతుక్కుంటూ పోతాయి. క్యాన్సర్లలో సుమారు 85 నుంచి 90 శాతం టెలోమెరేజ్‌ను తిరిగి తెరుచుకుని ఈ గండం గట్టెక్కుతాయి.

డీఎన్ఏ రెండు పోగులూ తెగితే ఆ పక్క జన్యువుల సంగతి?

ఏటీఎం అనే ఎంజైమ్ తెగిన చోటికి అటూ ఇటూ లక్షల అక్షరాల మేర హెచ్2ఏఎక్స్ హిస్టోన్ల మీద ఫాస్ఫేట్ గుర్తులు పెడుతుంది. అతుకు పడే దాకా ఆ చుట్టుపక్కల జన్యువులు తాత్కాలికంగా ఆగుతాయి. అతికే దారులు ముఖ్యంగా రెండు. కొసలను నేరుగా కలపడం త్వరగా అవుతుంది కానీ కొన్ని అక్షరాలు పోవచ్చు. పక్క ప్రతిని చూసి రాసుకోవడం కచ్చితం, కానీ డీఎన్ఏ రెట్టింపయ్యాకే వీలవుతుంది. బ్రాకా1, బ్రాకా2 పనిచేసేది ఈ రెండో దారిలో. కేంద్రకం బయట చిన్న మూటలా మిగిలిపోయిన క్రోమోజోమ్ మాత్రం ముక్కలు చెక్కలై, క్రమం తప్పి అతుక్కోవచ్చు. అలా అతికినప్పుడు పాత గోడలు, పాత ఎన్‌హాన్సర్లు ఏవీ పాతచోట్ల ఉండవు.

మేనరికం వల్ల క్రోమోజోమ్ దోషాలు వస్తాయా?

మేనరికంలో పెరిగే ముప్పు ముఖ్యంగా తల్లి నుంచి, తండ్రి నుంచి ఒకే చెడు ప్రతి రెండూ కలిసే రిసెసివ్ జబ్బులది. డౌన్ సిండ్రోమ్‌కు కారణమైన 21వ క్రోమోజోమ్ అదనపు ప్రతి సాధారణంగా అండం తయారయ్యేటప్పుడు జత విడిపోకపోవడం వల్ల వస్తుంది, దానికి తల్లి వయసు ముఖ్యం. 3 నుంచి 4 శాతం మందిలో మాత్రం ట్రాన్స్‌లొకేషన్, అంటే ఒక క్రోమోజోమ్ ముక్క తెగి మరోదానికి అతుక్కోవడం కారణం. అప్పుడు తల్లిదండ్రులిద్దరికీ కారియోటైప్ చేయించాలి.

కారియోటైప్ ఎలా చేస్తారు, ఎక్కడ చెడుతుంది?

సోడియం హెపారిన్ గొట్టంలో, అంటే పచ్చమూత దాంట్లో, 2 నుంచి 5 మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. సీబీసీకి వాడే ఈడీటీఏ గొట్టంలో తీస్తే కణాలు సరిగ్గా పెరగవు. రక్తాన్ని ఫ్రీజర్‌లో పెట్టకూడదు. మే నెలలో జిల్లా నుంచి హైదరాబాద్ పంపేటప్పుడు ఐస్ ప్యాక్ పెట్టాలి, గొట్టం దానికి నేరుగా తగలకూడదు. ల్యాబ్‌లో, కణాలను చీలేలా చేసే ఫైటోహీమాగ్లుటినిన్ కలిపిన మాధ్యమంలో 37 డిగ్రీల వద్ద 72 గంటలు పెంచుతారు. తరువాత కోల్సెమిడ్ వేసి చీలే కణాలను మధ్యలో ఆపుతారు. అది ఎక్కువసేపు ఉంటే క్రోమోజోమ్‌లు పొట్టిగా బొద్దుగా మారి పట్టీలు కలిసిపోతాయి. ఆపైన 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో 15 నుంచి 20 నిమిషాలు ఉంచి కణాలను ఉబ్బిస్తారు. తక్కువైతే క్రోమోజోమ్‌లు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎక్కువైతే కణం పగిలి ఒకటి జారిపోయి 45 అని తప్పు లెక్క వస్తుంది. అందుకే ఒక్క కణాన్ని నమ్మరు, సాధారణంగా 20 చూస్తారు. మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం 3:1 పాళ్ళలో స్థిరపరిచి, స్లైడ్ మీద చుక్క వదిలి, ట్రిప్సిన్ పెట్టి జీమ్సా రంగు వేస్తారు. విశాఖలాంటి తేమ ఊళ్ళో వానాకాలం స్లైడ్ నెమ్మదిగా ఆరి క్రోమోజోమ్‌లు చెల్లాచెదురవుతాయి కనుక స్లైడ్ గదిలో తేమను అదుపులో పెట్టాలి. ఫ్రాజైల్ ఎక్స్‌ను ఒకప్పుడు ఫోలిక్ ఆమ్లం తక్కువున్న మాధ్యమంలో పెంచి, ఎక్స్ కొసన విరుగు కోసం చూసేవారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని అమెరికాలో నడిపింది మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు.

రంగు పట్టీలూ నియంత్రణ సంగతి చెబుతాయి. ముదురు పట్టీల్లో జన్యువులు తక్కువ, అవి ఆలస్యంగా ప్రతి అవుతాయి. లేత పట్టీల్లో జన్యువులు ఎక్కువ. కానీ గుర్తుంచుకోండి, ఈ పరీక్ష క్రోమోజోమ్‌ను చూసేది అది బాగా బిగుసుకుని, జన్యువులు దాదాపు ఆగిపోయిన క్షణంలో. 50 లక్షల క్షార జతల కన్నా చిన్న మార్పు చాలాసార్లు దీనికి చిక్కదు. ముక్కలు తగ్గాయా పెరిగాయా చూసే మైక్రోఅర్రే పరీక్ష లక్ష లోపు నష్టాన్నీ పట్టగలదు కానీ, ముక్క పోకుండా చోటు మారితే దానికి కనబడదు. ఎక్సోమ్ పరీక్ష జన్యువుల ప్రోటీన్ భాగాలనే చదువుతుంది కనుక ఎన్‌హాన్సర్లూ గోడలూ దాదాపు దాటిపోతాయి.

"బ్యాలెన్స్‌డ్ ట్రాన్స్‌లొకేషన్" అని వచ్చింది. భయపడాలా?

ముక్కలు చోటు మారాయి గానీ ఏదీ పోలేదని దీని అర్థం. సుమారు 500 మందిలో ఒకరికి ఇది ఉంటుంది, చాలామంది ఆరోగ్యంగానే ఉంటారు. తల్లి లేదా తండ్రి నుంచి వచ్చినదైతే, వారు బాగున్నారంటే, సాధారణంగా బిడ్డకు ధీమా. అయితే ఆ బిడ్డకు రేపు పిల్లలు కావాలన్నప్పుడు గర్భస్రావాల ముప్పు గురించి జెనెటిక్ కౌన్సెలింగ్ కావాలి. ఇద్దరిలోనూ లేకుండా బిడ్డలో కొత్తగా వచ్చినదైతే, గర్భంలో పట్టుబడిన వాటిలో సుమారు 6 శాతం మందికి లోపాలు కనిపించాయి. తెగిన చోటు ఏ జన్యువులోనో, ఏ గోడ పక్కనో అన్నది తేల్చడానికి పూర్తి జీనోమ్ పరీక్ష అడగండి.

అమరికను మార్చి జబ్బు నయం చేయవచ్చా?

కొంతవరకు చేస్తున్నారు. ఆంధ్ర, తెలంగాణ గిరిజన ప్రాంతాల్లో బాధించే సికిల్ సెల్ జబ్బుకు, థలసేమియాకు 2023లో కాస్‌జెవీ అనే చికిత్స అనుమతి పొందింది. అది బీటా గ్లోబిన్‌ను ముట్టుకోదు. బీసీఎల్11ఏ జన్యువు ఇంట్రాన్‌లో ఉన్న, ఎర్ర రక్తకణాల వంశానికే పరిమితమైన ఎన్‌హాన్సర్‌ను క్రిస్పర్‌తో తెంచుతుంది. దాంతో పిండదశ హిమోగ్లోబిన్ మళ్ళీ తయారవుతుంది. ధర ఇప్పటికీ సామాన్యుడికి అందనంత ఉండటం మాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

మందుల్లో అజాసైటిడిన్ డీఎన్ఏ మిథైల్ గుర్తులను తగ్గిస్తుంది, వోరినోస్టాట్ హిస్టోన్ ఎసిటైల్ గుర్తులను నిలుపుతుంది. ఇవి కొన్ని రక్త, చర్మ క్యాన్సర్లకు మాత్రమే. "టెలోమియర్ పెంచే", "ఎపిజెనెటిక్స్ సరిచేసే" పొడులు కొనకండి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ కూడా హిస్టోన్ ఎసిటైల్ గుర్తులను చెరిపే ఎంజైములను అడ్డుకుంటుంది, గర్భంలో బిడ్డకు వెన్నెముక లోపాలు తెస్తుంది. గర్భం కోరుకునేవారు ఈ మందును సొంతంగా ఆపకుండా, ముందే న్యూరాలజిస్టును కలిసి మార్పించుకోవాలి.